పెరటాసిలో ఈనిన కుక్క

బంగారుపాళ్యంలో ఇప్పుడు నన్ను కుక్క కడుపు మాడ్చిన నిర్మలమ్మ అంటున్నారట. అననీ. పనిలేని నోళ్ళు ఊరికే ఉండవు. నేను దాని కడుపు మాడ్చలేదు. మూడు పూటలా పెట్టాను. తాలింపు వేసిన పెరుగన్నం పెట్టాను. మేం తిన్నదే, దేవుడికి నైవేద్యం పెట్టిందే దానికీ పెట్టాను. కుక్కకు ఇంతకన్నా ఏం కావాలో మీరే చెప్పండి.

ఆ కుక్క పేరు రోజీ. ఆ పేరు పెట్టింది నా కొడుకు జయచంద్ర. వాడు హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో వదిలేసి పోయిన పిల్లను చొక్కాలో దాచుకొని ఇంటికి తెచ్చాడు. అప్పుడు దానికి ఇంకా కళ్ళు కూడా సరిగా తెరుచుకోలేదు. దూది వత్తితో ఆవుపాలు తాగించాడు. పళ్ళు మొలిచాక పాలల్లో సంగటి పిసికి పెట్టాడు. ఇంకాస్త ఎదిగాక చికెన్ కొట్టు నుంచి కోడికాళ్ళు తెచ్చి ఉడికించేవాడు. "ఎదిగే వయసుమ్మా, ఎముకలు గట్టిపడల్ల" అనేవాడు. కన్నతల్లి మోకాళ్ళ నొప్పికి మందు తెమ్మంటే మరిచిపోయేవాడు గానీ కోడికాళ్ళు మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

నేను అడ్డం చెప్పలేదు. మాది రోడ్డుకు దూరంగా తోటలో ఇల్లు. కాయల కాలంలో దొంగలు, మిగతా కాలంలో అడవి పందులు. కాపలాకు కుక్క ఉండాల్సిందే. పిల్లప్పుడు పాలు, పళ్ళొచ్చాక సంగటి, ఎదిగాక మన ఆకులో మిగిలింది. ఇంతకు మించిన శాస్త్రం నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. దాన్ని నేను పేరు పెట్టి పిలిచింది కూడా లేదు. 'దానికి పెట్టినారా', 'దాన్ని కట్టేసినారా', అంతే నాకూ దానికీ ఉన్న మాట.

ఇక మా వైపు అరవ లెక్కన పాటించే పెరటాసి నెల సంగతి చెప్పాలి. అది వేంకటేశ్వరస్వామి నెల. ఇల్లంతా కడిగి, నీచు వండిన గిన్నెలు అటక మీదికి ఎక్కించి, నెల పొడుగునా మాంసం, గుడ్డు మానేస్తాం. శనివారాలు ఒకపొద్దు ఉంటాం. చివరి శనివారం తళిగ వేస్తాం. అంటే అరటాకుల మీద పులిహోర, చక్కెర పొంగలి, వడలు రాశిగా పోసి, బియ్యప్పిండి దీపం వెలిగించి, చుట్టాలందరితో గోవిందలు పెట్టడం. ఇదంతా మా అత్త చేసింది, ఆమె అత్త చేసింది. నేను చేస్తే మాత్రం అందరికీ రాక్షసిలా కనిపించాను.

పోయిన సంవత్సరం మా కోడలు మహితకు కడుపు నిలిచినట్టే నిలిచి, జారిపోయింది. ఆ పిల్ల రోజుల తరబడి గోడ వైపు తిరిగి పడుకుంటే నాకు గుండె తరుక్కుపోయింది. ఈ ఏడు మళ్ళీ నెల తప్పింది. పెరటాసి వచ్చేసరికి మూడో నెల. నేను స్వామి పటం ముందు నిలబడి మొక్కుకున్నాను. నాయనా, ఈ నెల నా గేటు దాటి నీచు వాసన కూడా లోపలికి రాదు. మనుషులే కాదు, గేటు దగ్గర కాపలా కుక్క కూడా ముట్టదు. ఈ బిడ్డను నిలబెట్టు అన్నాను. ఇది నాకోసం అడిగానా? ఎవరికోసం అడిగానో మీరే చెప్పండి.

మహితను చూసే డాక్టరమ్మ రోజుకొక గుడ్డు తినమని చెప్పింది. ఆ మాట నా దగ్గర ఎత్తితే, "నెల రోజులే గదా, ఆయమ్మ ఈయమ్మ కంటే కొండ మీదాయన పెద్ద డాక్టరు" అన్నాను. ఆ పిల్ల తలూపింది. మంచిదే, వడమాలపేట పిల్ల, మాట వినే రకం. ఆ మాట వినే గుణమే ఇప్పుడు నా పీకల మీదికి వచ్చింది.

సరిగ్గా పెరటాసి పుట్టే ముందురోజు, మామిడి క్రేట్లు పెట్టుకునే షెడ్డులో, ఆ కుక్క ఈనింది. నాలుగు పిల్లలు. రెండు నల్లవి, రెండు దాని మాదిరే గోధుమరంగువి. మహిత గోనెపట్టా పరిచి అక్కడే కూచుంది. తన కడుపు మీద ఒక చెయ్యి, కుక్క తల మీద ఒక చెయ్యి. చూసి నాకూ ముచ్చటేసింది. ఇల్లు పండే లక్షణం అనుకున్నాను.

జయచంద్ర పశువుల డాక్టరును అడిగి వచ్చాడు. వంటింటి గడప దగ్గర నిలబడి పాఠం మొదలుపెట్టాడు.

"మా, కడుపుతో ఉన్నెప్పటికంటే పాలిచ్చేటప్పుడే దానికి తిండి ఎక్కువ కావల్నంట. మామూలుగా తినేదానికి రెండింతలు, మూడింతలు. గుడ్లు, మాంసం పెట్టమన్నాడు. లేకుంటే దాని ఎముకల్లో ఉండే బలమంతా పాలల్లోకి పోతాదంట. కాళ్ళు వణికి పడిపోతాదంట."

"పోయినేడు పెరటాసిలో ఏం తినింది? పెరుగన్నం తినలేదా? పడిపోయిందా?"

"పోయినేడు దానికి పిలకాయలు లేవు గదమ్మా."

"పిలకాయలు పుట్టినంత మాత్రాన కుక్క కుక్క కాకుండా పోతాదా?"

వాడు తల గోక్కున్నాడు. "పోనీ పాలు, జున్ను అన్నా బాగా పెట్టమన్నాడు. పాలు ఎక్కువ పొయ్యి" అన్నాడు. పాలు డైరీకి పోయి, అభిషేకానికి పోయి, మిగిలింది ఇంటి పెరుగుకే చాలదు. ఒక గ్లాసు పోశాను. పోయలేదని ఎవరూ అనడానికి లేదు.

మా ఆయన ఏకాంబరం మామూలుగా నోరు తెరవడు. ఆ రోజు పేపరు పక్కన పెట్టి మరీ తెరిచాడు. "మొక్కు మనది గానీ కుక్కది గాదు గదమే" అన్నాడు.

"కుక్క మనదేనా కాదా?" అన్నాను. మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళ ధైర్యం అంతవరకే.

పేడ తీసే స్టెల్లా కూడా ఒక మాట వేసింది. వాళ్ళు యేసు ప్రభువు వాళ్ళు, కాలనీలో ఉంటారు. ఆమె మొగుడు గిరికి ఆటో ఉంది. "అమ్మా, ఈ నెల దాన్ని పిలకాయలతో సహా మా ఇంటికి పంపియ్యమ్మా. మాకు పెరటాసి లేదు గదా, మేం తినేది రవంత దానికీ పెడతాం. నెల కాంగానే తెచ్చి వదుల్తా" అంది.

"మీ ఇంట్లో తిని, మూతి నాక్కుంటా మళ్ళా నా గేట్లోకి రావల్నా?" అన్నాను. స్టెల్లా పేడ తట్ట ఎత్తుకొని వెళ్ళిపోయింది. పంపి ఉంటే సరిపోయేది కదా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అయిపోయాక తెలివి చెప్పడానికి ఎవరైనా పనికొస్తారు.

రెండో శనివారం ఏం జరిగిందో చూడండి. హారతి ఇస్తున్నాను. పళ్ళెంలో కర్పూరం మండుతోంది. వాకిట్లో మహిత గంట కొడుతోంది. ఆ కుక్క హైవే అవతలి చికెన్ కొట్టు దగ్గరికి పోయి, పారేసిన కోడికాళ్ళ కట్టను ఈకలతో సహా నోట కరుచుకొని, గేటు సందులో దూరి, ముగ్గు తొక్కుకుంటూ మా ముందు నుంచే షెడ్డులోకి పరిగెత్తింది.  మొక్కుకున్న నోటితోనే దాన్ని తిట్టాను. అంతగా నాకు ఒళ్ళు మండింది ఇంకెప్పుడూ లేదు.

వాకిలి పసుపునీళ్ళతో కడిగించాను. దాని నోట్లోని కాళ్ళు కట్టెతో లాగి పారేయించాను. ఆవును కట్టే గొలుసు తెచ్చి షెడ్డు గుంజకు దాన్ని కట్టేశాను. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ఆ రోజు నుంచి తిండి నేనే పెట్టాను, నా చేత్తో. ఒక పూట కూడా తప్పలేదు.

మూడు రోజులు గడిచాయో లేదో షెడ్డు కిటికీ కింద గుడ్డు పెంకు కనిపించింది. తెల్లగా, శుభ్రంగా, ఒలిచిన పెంకు. ఇది కుక్క తెచ్చింది కాదు. మహితను పిలిచాను. వచ్చింది. అబద్ధం చెప్పడం చేతకాదు ఆ పిల్లకు. చూపులు నేల మీద పెట్టి నిలబడింది.

"స్టెల్లా తెచ్చిచ్చింది అత్తా. కిటికీలోంచి పెట్టినా. దాని పొదుగు సూడు, తోలు మాదిరి అయిపోయింది. పిలకాయలు రాత్రంతా కుయ్యో కుయ్యో అంటా ఉండాయి."

"నువ్వు తిన్న్యావా?"

"లేదత్తా. సత్తెంగా లేదు. దానికే పెట్టినా."

"ఆ చేత్తోనే గదా దీపం ముట్టించినావు?"

 నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. కోపం అనుకుంటారు అందరూ. పోయినేడు పక్క బట్టలు ఉతికింది నేను. ఆ నెత్తురు నేను చూశాను. మళ్ళీ అట్లా జరిగితే ఆ పిల్ల బతకదని నాకు తెలుసు. ఆమె చెయ్యి పట్టుకొని ఆమె కడుపు మీదే పెట్టించాను.

"ఒట్టు పెట్టు. గుడ్డూ నీసూ ఇంగ ఈ చేత్తో ముట్టనని, ఎవురికీ పెట్టనని కడుపు మీద ఒట్టు పెట్టు. తప్పితే ఈ బిడ్డ దక్కదని సెప్పు."

"అత్తా, ఆ మాట వద్దత్తా."

"సెప్పు."

చెప్పింది.  మా ఆయన వసారాలోంచి చూస్తున్నాడు. లేచి వచ్చాడా? రాలేదు. నా కొడుకు సాయంత్రం విని, నా వైపు చూడకుండా కంచం ముందు నుంచి లేచిపోయాడు. తల్లి మీద కోపమొస్తే వాడు హోటల్లో తింటాడు. అక్కడ గుడ్డు దోసె తిన్నాడేమో నాకు తెలియదు, గేటు బయట కాబట్టి అడగలేదు.

తర్వాత ఆ కుక్క తినడం తగ్గించింది. పెరుగన్నం నాకి, పక్కకు తిరిగి పడుకునేది. పొట్ట లోపలికి పీక్కుపోయింది, పక్కటెముకలు పైకి తేలాయి. పాలు మాత్రం కారుతూనే ఉండేవి, ఎక్కడి నుంచి వచ్చేవో. నల్లపిల్ల ఒకటి ఒక పొద్దున కదల్లేదు. మా ఆయన దాన్ని గుడ్డలో చుట్టి నీలం మామిడి చెట్టు కింద పాతి వచ్చాడు. ఆ రోజంతా కుక్క గొలుసు లాగుతూనే ఉంది. మెడ చుట్టూ బొచ్చు ఊడి ఎర్రగా పుండు పడింది. లేచి నిలబడితే వెనక కాళ్ళు గడగడా వణికేవి. డాక్టరు చెప్పినట్టే అయిందని నా కొడుకు అన్నాడు. వానకు తడిసిన కుక్క వణకదా అన్నాను. వాన పడిందా అని అడిగాడు.

మహిత షెడ్డు కిటికీ దగ్గర కూచునేది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టేది కాదు. కుక్క చూసేది, ఈమె చూసేది. ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి కాళ్ళ దగ్గర కూచుంది.

"అత్తా, ఆ ఒట్టు తీసెయ్యి. ఒక్క గుడ్డు పెడతా. నేను తినను, దానికే. అది సచ్చిపోయేట్టుండాది."

"శనివారం తళిగ అయిపోనీమే. స్వామికి ఇచ్చిన మాట గట్టెక్కనీ. ఆదివారం నేనే దానికి కోడి కోయిస్తా."

"ఆదివారం దాకా ఉంటాదా అత్తా?"

"ఉండకేం. కుక్క జాతి మొండిది" అన్నాను.

చివరి శనివారం వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ అలివేలమ్మ, ఆమె పిల్లలు, తోట కౌలు వాళ్ళు. తెల్లారి లేచి పులిహోర కలిపాను, పొంగలి దించాను, వడలు వేయించాను. అరటాకుల మీద తళిగ రాశి పోసి పిండి దీపం వెలిగించాను. నెయ్యి కారుతూ దీపం నిండుగా మండింది. మా ఆయన గోవింద పెట్టాడు, అందరూ అందుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గట్టెక్కాను స్వామీ అనుకున్నాను. నా గేటు దాటి లోపలికి ఏదీ రాలేదు, ఆ కోడికాళ్ళు తప్ప, వాటికీ పసుపునీళ్ళతో వాకిలి కడిగేశాను.

నైవేద్యం అయ్యాక ఒక ఆకులో పులిహోర, పొంగలి, వడ పెట్టి మహిత చేతికిచ్చాను. "పో, నీ కుక్కకు నువ్వే పెట్టు" అని కొంగున ఉన్న తాళంచెవి విప్పి ఇచ్చాను. ఆ మాట ప్రేమగానే అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. ఇంచుమించు పరిగెత్తింది.

చాలాసేపు రాలేదు. కేక వినపడలేదు, ఏడుపు వినపడలేదు. నేనే లేచి వెళ్ళాను. షెడ్డు తలుపు తెరిచి ఉంది. ఆకు కింద పడి పులిహోర చెల్లాచెదురైంది. మహిత గోడకు ఆనుకొని నిలబడి ఉంది. గొలుసు చివర ఆ కుక్క కూచుని ఉంది. దాని ముందు గోధుమరంగు పిల్ల ఒకటి, సగం. కుక్క మూతి ఎర్రగా ఉంది. మమ్మల్ని చూసి తోక ఊపింది.

నేను ముందు వెనక్కి తిరిగి చూశాను. వాకిట్లో దీపం ఇంకా వెలుగుతోందా లేదా అని చూశాను. వెలుగుతోంది. ఆరలేదు. అదొక్కటే నాకు అప్పుడు ఊరట.

మహిత నా చూపు ఎటు పోయిందో చూసింది. గొంతు పెద్దది చేయలేదు. "నువ్వు గేటు దాటి నీసు లోపలికి రానీలేదత్తా" అంది. "అది లోపల్నే ఎతుక్కునింది."

నా వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ చుట్టాలందరూ ఆ మాట విన్నారు. అలివేలమ్మ పిల్లలు వాంతి చేసుకున్నారు. తళిగ అన్నం ఎవరూ ముట్టలేదు. రాశి పోసిన పులిహోర రాశిగానే ఆవులకు పోయింది. నా నెల పొడుగు ఒకపొద్దు, నా మొక్కు, ఒక్క కుక్క ఒక్క గంటలో నాశనం చేసిందని నా కడుపు ఎంత రగిలిందో ఎవరికీ పట్టలేదు.

ఆ సాయంత్రమే గిరిని పిలిపించాను. ఆటోలో ఎక్కించి మొగిలి ఘాట్ దాటించి వదిలేసి రమ్మన్నాను. తన పిల్లనే తిన్న కుక్క, రేపు ఈ ఇంట్లో పసిబిడ్డ ఉయ్యాల్లో ఉంటే? నేను అడిగింది తప్పా? గిరి తల దించుకొని, "పాలు తాగే పిలకాయలు ఉండాయి గదమ్మా" అన్నాడు. "వాటికి నేను పోస్తాలే పాలు" అన్నాను. ఆటో ఎక్కించేటప్పుడు ఆ కుక్క ఎదురు తిరగలేదు. బలం ఉంటే కదా. మహిత గదిలోంచి బయటికి రాలేదు.

మిగిలిన రెండు పిల్లల్లో నల్లది కూడా పోయింది. గోధుమరంగుది ఒక్కటి బతికింది.

పెరటాసి అయిపోయిన మొదటి ఆదివారం మా వైపు మాంసం కొట్ల దగ్గర జనం ఎట్లా ఉంటారో చూడాల్సిందే. మా ఆయన పొద్దున్నే పోయి వరసలో నిలబడి పొట్టేలు మాంసం తెచ్చాడు. అటక మీది గిన్నెలు దించాను. మిరియాలు దంచి కూర చేశాను, ఎముకల రసం చేశాను, మహితకోసం గుడ్లు ఉడకేశాను. నా చేతి వంట మంచిదని ఊరంతా ఒప్పుకుంటుంది. కంచం తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాను.

"తిను తల్లీ. నెలంతా నోరు కట్టుకున్న్యావు. ఇంగ నీ ఇష్టం."

గుడ్డును చూసింది, నన్ను చూసింది. "ముట్టకూడదత్తా. కడుపు మీద ఒట్టు పెట్టినా" అంది.

"అది పెరటాసికిమే. పెరటాసి అయిపాయ గదా."

"పెరటాసి వరకని నువ్వు సెప్పలేదత్తా. ఇంగ ముట్టననే సెప్పించినావు. తప్పితే బిడ్డ దక్కదనింది నువ్వే."

"అట్లైతే ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నేను పెట్టించినా, నేనే తీసేస్తా."

"ఆ పొద్దు కాళ్ళు పట్టుకొని అడిగితే తీసినావా?" అని కంచం పక్కకు జరిపి, పెరుగన్నం కలుపుకుంది.

వారం చూశాను, పది రోజులు చూశాను. అలక అనుకున్నాను. తిట్టాను, బతిమాలాను, వాళ్ళమ్మకు ఫోను చేశాను. పప్పు పెడితే తినదు, కూరాకు వేస్తే పక్కకు తోస్తుంది. మూడు పూటలా పెరుగన్నం. "రోజీకి పెట్టింది నాకూ సాలు" అంటుంది. అరవదు, ఏడవదు. గిన్నెలు కడుగుతుంది, ముగ్గు వేస్తుంది, అత్తా అని మర్యాదగా పిలుస్తుంది. దెబ్బలాడే కోడలైతే నాకు చేతనవుతుంది. ఈ పిల్లతో ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

చిత్తూరులో స్కానింగు తీయించాం. డాక్టరమ్మ నా వైపే తిరిగి చెప్పింది. రక్తం లేదంది. బిడ్డ ఉండాల్సినంత లేదంది. "ఈ నెలల్లో మామూలు కంటే ఎక్కువ తినాలమ్మా. తల్లి తినకపోతే బిడ్డ తల్లి ఒంట్లోదే లాక్కుంటుంది, అది కూడా అయిపోతే లోపలే సన్నబడిపోతుంది. అత్తగారు మీరే దగ్గరుండి గుడ్లూ మాంసం తినిపించాలి" అంది. నేను తలూపాను. నా కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

బస్సులో మహిత పక్కన కూచుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు ఎముక నా వేళ్ళకు తగిలింది. ఆ ఎముక ముట్టుకోగానే నాకు షెడ్డులోని ఆ పక్కటెముకలు గుర్తొచ్చాయి. గుర్తు చేసుకోవాలని చేసుకోలేదు. "ఏం చేస్తే తింటావో సెప్పు. ఏం కావాల్నో అడుగు, ఇస్తా" అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. నటన కాదు, నిజంగానే ఆలోచించింది. ఆమెకూ భయమే. బిడ్డ కావాలనే ఉంది. కానీ ఒట్టు తప్పితే బిడ్డ పోతుందన్న మాట నేను ఆ పిల్ల ఒంట్లోకి ఎంత లోతుగా దించానో నాకు అప్పుడు అర్థమైంది.

"ఎవురి నోటికాడి గుడ్డు తీసేసినామో, దాని నోట్లో నా చేత్తో ఒక గుడ్డు పెడతా. అది తింటే ఒట్టు తీరినట్టు. అప్పుడు నేనూ తింటా" అంది. "రోజీని తీసకరా అత్తా."

నా కొడుకును పంపుదామనుకున్నాను. "నువ్వు పంపినావు, నువ్వే ఎతుక్కో" అన్నాడు. కన్న కొడుకు. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం గిరి ఆటో ఎక్కాను. ఒళ్ళో క్యారియరు. అందులో ఉడికిన గుడ్లు, మెత్తగా ఉడికించి ఎముక తీసిన మాంసం, అన్నంలో కలిపిన రసం. నీరసపడ్డ కుక్కకు ఒకేసారి ఎక్కువ పెట్టకూడదని, కొంచెం కొంచెంగా పెట్టాలని పశువుల డాక్టరును నేనే వెళ్ళి అడిగి తెలుసుకున్నాను. ఘాట్ దాటాక ఒక మలుపు దగ్గర గిరి ఆటో ఆపాడు.

"ఈడే వదిలినానమ్మా. ఆటో ఎనకాలే శానా దూరం పరిగెత్తింది. పొదుగు నేలకు తగలతా ఉండింది." నేను అడగలేదు. అడక్కుండానే చెప్పాడు.

రోడ్డు పక్కన టీ కొట్టు అతను అలాంటి కుక్కను చూశానన్నాడు. మెడకు పుండు, బక్కచిక్కినది, లారీలు ఆగితే డ్రైవర్ల చేతుల వైపు చూసేదట. కొన్ని రోజుల నుంచి కనిపించడం లేదన్నాడు. అయినా నేను రోడ్డు దిగి చెట్ల వైపు నిలబడి, నోటితో చప్పుడు చేస్తూ పిలిచాను.

"అట్ల పిలిస్తే యాడొస్తాదమ్మా. పేరు పెట్టి పిలువు" అన్నాడు గిరి.

 ఇన్నేళ్ళూ నా గేటు దగ్గర పడుకున్న కుక్క పేరు నా నాలుక మీదికి రాలేదు. లారీలు పోతున్నాయి, టీ కొట్టు దగ్గర మనుషులు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే "రోజీ" అన్నాను. మళ్ళీ అన్నాను. గట్టిగా అన్నాను. గొంతు పోయేదాకా పిలిచాను. ఎక్కడివో రెండు వీధికుక్కలు వచ్చి క్యారియరు వాసన చూశాయి. మాంసం వాటికి వేశాను. గుడ్లు మాత్రం వెనక్కి తెచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మహిత వెనక వాకిట్లో కూచుని ఉంది. గోధుమరంగు కుక్కపిల్ల ఆమె పాదాల దగ్గర ఆడుతోంది. దానికి పళ్ళు మొలిచాయి. ఈ వయసులో మెత్తగా పిసికిన గుడ్డు పెట్టాలని పశువుల డాక్టరు చెప్పాడని, మా ఆయన రోజూ తన చేత్తో పాలల్లో పిసికి పెడుతున్నాడు. ఒళ్ళు చేసి బంతిలా తయారైంది.

"కనబడిందా అత్తా?"

"లేదుమే."

"మళ్ళా ఆదివారం పోయి సూడు" అంది.

దానికి బదులు ఈ కుక్కపిల్లకు నీ చేత్తో పెట్టి ఒట్టు తీర్చుకోరాదా, అదీ రోజీ నెత్తురే గదా అన్నాను. క్యారియరు మూత తీసి గుడ్డు ముందు పెట్టాను. మహిత గుడ్డు వైపు చెయ్యి చాపలేదు. "దీని నోటికాడిది మనం తీయలేదు గదత్తా. దీని తల్లిది తీసినాం" అంది.

నాకు కోపమొస్తోంది. ఎవరి మీదో తెలియదు. మొక్కుకున్నది బిడ్డకోసం, ఒట్టు పెట్టించింది బిడ్డకోసం, కుక్కను పంపేసింది బిడ్డకోసం. ఇందులో నాకోసం చేసింది ఏదైనా ఉంటే చూపించండి. ఆ బిడ్డే లోపల సన్నబడుతోందంటే నేను ఏ దేవుడికి మొక్కాలి? ఇంకో మొక్కు మొక్కాలంటే ఇప్పుడు నాకు భయంగా ఉంది.

గుడ్డు అక్కడే ఉంటే కుక్కపిల్ల దగ్గరికి వచ్చి వాసన చూసింది. నేను కూచుని దాన్ని వేళ్ళతో పిసికి పెట్టాను. అంతా తిని నా వేళ్ళు కూడా నాకింది. మహిత లేచి లోపలికి పోయి కంచం తెచ్చుకుంది, నా పక్కనే కూచుని పెరుగన్నం తినింది.